చెవితో కొనాల్సిన కుండ: ఘటం ఎంచుకోవడం, వాయించడం ఎలా?

హైదరాబాద్‌లో ఘటం అంటే చాలామందికి ముందు గుర్తొచ్చేది ఆషాఢం, బోనాలు, పాతబస్తీలో ఏనుగు మీద ఊరేగే అమ్మవారి ఘటం. నేను చెప్పబోయేది కచేరీలో మృదంగం పక్కన కూర్చునే మట్టి ఘటం గురించి. దాన్ని నేర్చుకోవాలని ఉన్నా ఎక్కడ కొనాలో, ఎలా చూసి కొనాలో, ఇంటికి తెచ్చాక మొదటి రోజు ఏం చేయాలో తెలియక ఆగిపోయిన వాళ్లు ఈ ఊళ్లో చాలామంది నాకు కనిపించారు. వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. మృదంగం శృతి తప్పితే వార్లు బిగించి సరిచేసుకోవచ్చు. ఘటానికి ఆ వీలు లేదు. కుమ్మరి ఆవంలోంచి ఏ శృతితో బయటికి వచ్చిందో దాదాపు చివరిదాకా అదే శృతి. అందుకే ఘటం విషయంలో సగం విద్య ఎంచుకోవడంలోనే ఉంది. తొందరపడి కొంటే ఆ తర్వాత ఎంత సాధన చేసినా ఆ లోటు తీరదు.

కొనడానికి ముందు నీళ్ల కుండతో పది రోజులు

ఎండాకాలం రాగానే మన రోడ్ల పక్కన కుండలు, రంజన్లు వరసగా పేర్చి అమ్ముతారు. అక్కడ ఒక మామూలు కుండ కొనండి. మెడ సన్నగా, పొట్ట గుండ్రంగా ఉన్నది చూసుకోండి. దాంట్లో నీళ్లు పోయకండి, పొడిగానే ఉంచండి. పది రోజులు వేళ్ల కొసలతో తేలిగ్గా వాయించండి. మీకు ఈ వాద్యం మీద నిజంగా మనసు ఉందో లేదో ఆ పది రోజుల్లో తేలిపోతుంది.

అయితే ఆ కుండతోనే కచేరీ దాకా వెళ్లొచ్చని మాత్రం అనుకోవద్దు. నీళ్ల కుండ చేసేది నీళ్లు చల్లబడటానికి. దాని గోడల్లో సన్నని రంధ్రాలు ఉంటాయి, వాటిలోంచి చెమ్మ బయటికి ఊరి ఆరుతుంటేనే లోపలి నీళ్లు చల్లబడతాయి. మోగడానికి కావలసింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. గోడ గట్టిగా, చిక్కగా, అంతటా ఒకే మందంలో ఉండాలి. చూడ్డానికి రెండూ ఒకేలా ఉన్నా ఘటాన్ని వాద్యంగానే, వేరే మట్టితో, వేరే ఓపికతో చేస్తారు. నీళ్ల కుండను గట్టిగా కొడితే పగులుతుంది. మంచి ఘటం రెండు గంటల కచేరీలో దెబ్బలన్నీ తట్టుకుని నిలబడుతుంది.

ఏ ఊరి ఘటం?

వాయించేవాళ్ల మాటల్లో ఎక్కువగా మూడు పేర్లు వినిపిస్తాయి: మానామదురై, చెన్నై, బెంగళూరు.

మానామదురై తమిళనాడులో శివగంగ జిల్లాలో ఉంది, మదురై నుంచి రామేశ్వరం వెళ్లే రైలు దారిలో వస్తుంది. అక్కడి ఘటం బరువు, గోడ మందం. ఒక్కోటి 8 కిలోల దాకా తూగుతుంది. వేలితో మీటితే లోహం మోగినట్టు ఖంగుమంటుంది, ఆ నాదం కాసేపు నిలుస్తుంది. అక్కడి వాళ్లు చుట్టుపక్కల చెరువుల మట్టి తెచ్చి కలిపి, సారె మీద రూపం తెచ్చాక, లోపల రాయి ఆనించి బయట చెక్కతో కొన్ని వేల సార్లు తడతారు. ఆ తట్టడంలోనే గోడ సమంగా సర్దుకుంటుంది. ఆ పనిలో ఆరితేరిన మీనాక్షి కేశవన్‌కు సంగీత నాటక అకాడమీ పురస్కారం ఇచ్చారు. వేదిక మీద కూర్చునే వాళ్లకు మాత్రమే కాకుండా కుండ చేసిన చేతులకు కూడా ఆ గౌరవం దక్కడం నాకు చాలా సంతోషం కలిగించిన విషయం. 2023లో మానామదురై కుండలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

చెన్నై, బెంగళూరు ఘటాలు దానికన్నా తేలిక. చేతికి సులువుగా పలుకుతాయి, నాదం కాస్త మెత్తగా ఉంటుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు, పిల్లలకు, చేతులు సన్నగా ఉన్నవాళ్లకు నేను ఇవే చెబుతాను. మానామదురై ఘటం మోగాలంటే వేళ్లలో బలం కావాలి. మొదటి నెలలోనే దాంతో కుస్తీ పడితే మణికట్టు నొప్పి మొదలై, పిల్లలు వాద్యాన్నే వదిలేస్తారు. ఒకటి రెండేళ్లు చేయి తిరిగాక బరువు ఘటానికి మారండి.

చర్మం బిగించిన మట్టి వాద్యాలు వేరే జాతి. బుర్రకథలో వంతలు వాయించే గుమ్మెట అలాంటిదే. ఈమధ్య ఫ్యూజన్ బృందాల్లో కనిపించే ఉడు నైజీరియాలో ఇగ్బో స్త్రీల వాద్యం, పక్కన ఇంకో రంధ్రం ఉన్న కుండ. దాని మీద అరచేత్తో మూసి తెరుస్తూ మెత్తటి గుంకారం తెప్పిస్తారు. కర్ణాటక సంగీతం నేర్చుకోవాలనుకునేవాళ్లు ఆన్‌లైన్‌లో ఉడు చూసి ఘటం అనుకుని కొనకండి. రెండిటి వేళ్ల పని వేరు.

మీకు కావలసిన శృతి ముందే తేల్చుకోండి

దుకాణంలో అడుగుపెట్టే ముందే దీనికి జవాబు మీ దగ్గర ఉండాలి. మీరు ఎవరి పాటకు వాయించబోతున్నారు? పాడేది మగవాళ్లైతే సాధారణంగా ఒకటి నుంచి రెండు శృతి (C నుంచి D) మధ్య ఉంటుంది. ఆడవాళ్లైతే ఐదు, ఐదున్నర, ఆరు (G, G#, A). ఒకటి శృతి ఘటం పెద్దగా, ఐదున్నర ఘటం చిన్నగా ఉంటుంది, ఎందుకంటే కుండ పెరిగేకొద్దీ నాదం కిందికి దిగుతుంది. మీ ఇంట్లోనే పాడేవాళ్లుంటే వాళ్ల శృతికే కొనండి. ఇద్దరూ కలిసి రోజూ కూర్చోవచ్చు, అంతకన్నా మంచి సాధన లేదు.

ఎవరూ లేకపోతే మీకు పాఠం చెప్పే గురువుగారిని అడిగి, ఆయన చెప్పిన శృతికే తీసుకోండి. ఒక్క ఘటంతో అందరికీ వాయించడం కుదరదు. అందుకే విద్వాంసుల ఇళ్లలో నాలుగైదు ఘటాలు వరసగా కనిపిస్తాయి. ఘటం వాయించే స్త్రీలకు దారి చూపిన సుకన్య రాంగోపాల్ ఈ పరిమితినే వరంగా మార్చుకున్నారు. వేర్వేరు శృతుల ఘటాలను చుట్టూ పెట్టుకుని వాటి మీద రాగమే పలికించారు, ఘట తరంగం అంటే అదే.

కాస్త తేడా ఉంటే ఘటం లోపల పిల్లలు ఆడుకునే క్లే ముద్ద అంటించి శృతిని కొంచెం సర్దుతారు. అది చిన్న తేడాకే పనికొస్తుంది. ఐదు శృతి ఘటాన్ని నాలుగు చేస్తామని ఎవరైనా చెబితే నమ్మకండి.

కొనేటప్పుడు: ముందు వినండి, తర్వాత చూడండి

మన నానమ్మలు, అమ్మమ్మలు నీళ్ల కుండ కొనేటప్పుడు చేసే పని మీకు గుర్తుండే ఉంటుంది. కుండను ఎడమ చేత్తో పైకెత్తి, కుడిచేతి వేలు మడిచి మీటి చూసేవాళ్లు. ఖంగుమంటే తీసుకునేవాళ్లు, బద్దగా పలికితే పక్కన పెట్టేసేవాళ్లు. ఘటానికి కూడా అదే పరీక్ష, కాకపోతే ఒక్క చోట చాలదు.

ఘటాన్ని ఒడిలో పెట్టుకోండి. నేల మీద పెట్టి కొడితే నాదం చచ్చిపోతుంది, అసలు గుణం తెలియదు. చూపుడు వేలితో పొట్ట చుట్టూ అంగుళం అంగుళం జరుపుతూ మీటండి. ఒక్క చక్కర్ పూర్తయ్యేదాకా నాదం ఒకేలా ఉండాలి. ఒకవైపు ఖంగుమని, ఇంకోవైపు మూగగా ఉంటే గోడ మందం సమంగా లేదని అర్థం. అది కుండ చేసేటప్పుడే వచ్చిన లోపం, మీరేం చేయలేరు. అదే పని మెడ దగ్గర చేయండి. మెడ మీద నాదం పొట్ట కన్నా సన్నగా, పదునుగా రావాలి. తర్వాత అడుగు భాగం. అక్కడ మట్టి దిమ్మలా మిగిలిపోతే మొద్దుగా పలుకుతుంది.

ఇప్పుడు మూతిని మీ పొట్టకు ఆనించి, అరచేతి మడమతో ఘటం పొట్ట మీద ఒక్కటి వేయండి. లోతుగా "గుం" అని రావాలి. మూతిని కొంచెం దూరం జరిపి మళ్లీ కొట్టండి, ఆ గుంకారం పైకి లేవాలి. ఖాళీ సీసా మూతి మీద ఊదితే లోపలి గాలి ఎలా మోగుతుందో ఇదీ అంతే. ఘటంలో రెండు నాదాలు కలిసి ఉంటాయి, గోడ నాదం ఒకటి, లోపలి గాలి నాదం ఒకటి. మూతి ఎంత మూసుకుంటే గాలి నాదం అంత కిందికి దిగుతుంది. రెండూ బాగా పలికే కుండ దొరికితే దాన్ని వదలకండి.

పగులు గురించి. కంటికి కనిపించే పగులు కన్నా కనిపించనిదే ప్రమాదం. కొట్టినప్పుడు నాదం చివర "జర్ర్" అని సన్నగా వినిపిస్తే ఎక్కడో చీలిక ఉంది. ఫోన్ లైటు లోపలికి వేసి చూడండి. మెడ పొట్టతో కలిసే చోట, అంచు కింద ప్రత్యేకంగా చూడండి. చేయి పట్టినంత మేర లోపల తడమండి. రంగు వేసిన ఘటం, వార్నిష్ పూసిన ఘటం వద్దు. ఆ పూత కింద ఏముందో తెలియదు, పైగా వేలు జారుతుంది. రంగు ఒకచోట ఎర్రగా, ఇంకోచోట నల్లగా ఉండటం మాత్రం తప్పు కాదు, మంట తగిలిన తీరు అది. ఆ నల్ల మచ్చ మీద, ఎర్రటి చోట రెండింటి మీదా మీటి, నాదం ఒకటేనా అని చూస్తే సరిపోతుంది.

చివరికి శృతి. ఫోన్లో తంబురా యాప్ పెట్టి మీకు కావలసిన శృతి మోగించండి. ఘటం పొట్ట మీద మీటండి. రెండూ కలిసిపోయి ఒకే నాదంలా వినిపించాలి. ట్యూనర్ యాప్ అంకె చూపిస్తుంది కానీ చివరి మాట మీ చెవిదే. మీ చెవి మీద ఇంకా నమ్మకం కుదరకపోతే పాడేవాళ్లను వెంట తీసుకెళ్లండి.

ఒక్క దుకాణంలో పది ఘటాలు ఉంటే పదీ మీటండి. అమ్మేవాళ్లు విసుక్కుంటారేమోనని మొహమాటపడి నేను మొదటిసారి మూడోదానికే డబ్బులిచ్చేశాను. ఇంటికొచ్చాక దాని ఎడమవైపు మూగదని తెలిసింది. రెండేళ్లు ఆ మూగ చోటును తప్పించుకుంటూ వాయించాను. చేతికి అలవాటైన ఆ తప్పుడు కోణాన్ని సరిచేసుకోవడానికి ఇంకో ఏడాది పట్టింది.

హైదరాబాద్‌లో సంగీత వాద్యాల దుకాణాల్లో ఘటాలు ఎప్పుడూ ఉండవు, ఉన్నా ఒకటో రెండో. ముందు ఫోన్ చేసి శృతి చెప్పి అడగండి. శిల్పారామంలో మేళాలు జరిగినప్పుడు మట్టి పని చేసేవాళ్లు వస్తారు, వెళ్లి మాట్లాడండి, కానీ అక్కడున్నది అలంకారపు కుండా, వాద్యమా అన్నది మీటి తేల్చుకోండి. చేసేవాళ్ల దగ్గరి నుంచే నేరుగా తెప్పించుకుంటుంటే, మెడ మీద, పొట్ట మీద, అడుగున విడివిడిగా కొట్టి ఆడియో పంపమని అడగండి. వీడియో కాల్‌లో నాదం సరిగా తెలియదు, రికార్డు చేసి పంపిస్తేనే మేలు. నాకు పార్సిల్‌లో వచ్చిన ఒక ఘటం పెట్టె తెరిచేసరికి మూడు ముక్కలై ఉంది. అప్పటి నుంచి వీలైనంత వరకు రైల్లో వెళ్లి, బెర్తు మీద నా పక్కనే పెట్టుకుని తెచ్చుకుంటున్నాను.

కూర్చోవడం

చాప మీద బాసింపట్టు వేసి కూర్చోండి. ఒడిలో మడిచిన తువ్వాలు పరిచి దాని మీద ఘటం పెట్టండి. మూతి మీ పొట్ట వైపు, కొంచెం పైకి వాలి ఉండాలి. వెన్ను నిటారుగా ఉంచండి. ఘటం మీదికి వంగి కూర్చునే అలవాటు మొదట్లోనే పడిపోతుంది, నెల తిరిగేలోపు నడుం నొప్పి మొదలవుతుంది. మోచేతులు వదులుగా పక్కలకు ఉండాలి. ఉంగరాలు, గడియారం తీసేయండి. కొందరు విద్వాంసులు ఉంగరంతో కూడా నాదం తెప్పిస్తారు, అది చేయి బాగా తిరిగాక.

నేల మీద కూర్చోలేనివాళ్లు చేతులు లేని కుర్చీలో కూర్చుని తొడల మధ్య పెట్టుకోవచ్చు. జారిపోకుండా కాళ్ల కింద చిన్న పీట వేసుకోండి.

నాలుగు నాదాలు

మొదటి వారం తాళం గోల వద్దు. నాలుగు నాదాలు విడివిడిగా శుభ్రంగా వస్తే చాలు. ఒక్కో గురువు దగ్గర ఒక్కో పద్ధతి ఉంటుంది, మీ గురువుగారు వేరేలా చెబితే ఆయన మాటే వినండి. నేను మొదలుపెట్టించే తీరు ఇది.

త: కుడిచేతి మూడు వేళ్లు, నడిమి వేలు, ఉంగరపు వేలు, చిటికెన వేలు కలిపి పొట్ట పైభాగాన తట్టాలి. వేళ్లు అక్కడే అతుక్కుంటే నాదం ఆగిపోతుంది, వేడి పెనం తాకినట్టు వెంటనే లేవాలి.

ది: ఎడమచేతి వేళ్లతో అదే, ఎడమవైపు. కుడి, ఎడమ నాదాలు ఒకే స్థాయిలో వచ్చేదాకా వదలకండి. కుడిచేతి వాటం ఉన్న మనందరికీ ఎడమచేయి వెనకబడుతుంది. అందుకే రోజూ సాధన ఎడమచేత్తో మొదలుపెట్టండి.

తోం: అరచేతి మడమతో పొట్ట నడుమ. బలం భుజం నుంచి రాకూడదు, మణికట్టు దగ్గర చేయి బరువును వదిలేయాలి. గుంకారం రాకపోతే గట్టిగా కొట్టకండి, కొట్టే చోటు మార్చండి. ఒక్కో ఘటానికి గుంకారం పలికే చోటు ఒక్కో దగ్గర ఉంటుంది, దాన్ని వెతికి పట్టుకోవాలి.

నం: చూపుడు వేలితో మెడ మీద. సన్నగా, గంటలా.

ఈ నాలుగూ వచ్చాక మూతి దూరం మార్చుతూ తోం వాయించి చూడండి. మీ పొట్ట బిగించి, వదిలి, మూతిని సగం తెరిచి. ఇక్కడే ఘటం మాట్లాడటం మొదలుపెడుతుంది. ఘటం విద్వాంసుడు విక్కు వినాయక్‌రామ్ వాయించింది విన్నప్పుడు ఆ కింది గుంకారం మీదే చెవి పెట్టి వినండి. 1970లలో శక్తి అనే ఫ్యూజన్ బృందంతో ఆయన ఘటాన్ని ప్రపంచమంతా తిప్పారు. మృదంగం పక్కన వెనక వరసలో ఉండే కుండ ముందు వరసకు ఎలా వచ్చిందో ఆ వేళ్లు వింటే తెలుస్తుంది.

మొదటి ఆవర్తనం

మెట్రోనోమ్ నిమిషానికి 60 మీద పెట్టండి. మొదట నోటితో చెప్పండి, చేత్తో ఆది తాళం వేయండి. నోటికి రాని జతి (తకధిమి లాంటి అక్షరాల వరస) వేళ్లకు రాదు. ఒక్కో దెబ్బకు ఒక తకధిమి, అంటే ఒక్కో దెబ్బకు నాలుగు అక్షరాలు. కుడి, ఎడమ, కుడి, ఎడమ. ఆది తాళంలో ఎనిమిది దెబ్బలకు మొత్తం 32 అక్షరాలు, అది ఒక ఆవర్తనం. వేగం ఎక్కువనిపిస్తే మెట్రోనోమ్ 40కి తగ్గించండి, అందులో తప్పేం లేదు.

అది నిలకడగా వచ్చాక తకిట చేయండి. మూడు అక్షరాలు కాబట్టి మొదటిది కుడితో మొదలైతే రెండోది ఎడమతో మొదలవుతుంది. పది తకిటలు, చివర ఒక తక, 32 సరిపోతాయి. ఎడమచేతికి ఇంత మంచి వ్యాయామం ఇంకోటి లేదు.

తర్వాత ఒక చిన్న ముక్తాయింపు, అంటే ముగింపు వరస. మొదటి నాలుగు దెబ్బలకు తకధిమి నాలుగు సార్లు వాయించండి. మిగిలిన నాలుగు దెబ్బల్లో 16 అక్షరాలు ఉన్నాయి. వాటిలో ఇది:

తదిగిణతోం (ఒక అక్షరం ఖాళీ) తదిగిణతోం (ఒక అక్షరం ఖాళీ) తదిగిణ, చివరి తోం సమం మీద.

ఐదు, ఒకటి, ఐదు, ఒకటి, నాలుగు, కలిపితే 16. చివరి తోం తర్వాతి ఆవర్తనం మొదటి దెబ్బ మీద పడుతుంది. ఆ తోం గుంకారంతో, సరిగ్గా సమం మీద పడినప్పుడు మీకు కలిగే ఆనందం నేను మాటల్లో చెప్పలేను. నేను మొదటిసారి పట్టినప్పుడు పక్క గదిలోంచి మా అమ్మ "ఇప్పుడు సరిగ్గా వచ్చిందిరా" అంది. ఆవిడకు తాళం రాదు, చెవికి తెలిసింది.

రోజుకు పావుగంటతో మొదలుపెట్టి నెల తిరిగేసరికి అరగంట దాకా పెంచండి. చేతి మడమ ఎర్రబడటం మామూలే. వాపు, మణికట్టులో పోటు వస్తే మాత్రం ఆపేయండి, రెండు మూడు రోజులు నోటితో జతులు చెప్పుకోండి. గోళ్లు కురచగా, అంచులు నున్నగా ఉంచుకోండి.

ఘటం మాత్రమే చెప్పే గురువులు మన ఊళ్లో తక్కువ. మృదంగం నేర్పేవాళ్ల దగ్గర చేరండి, జతులు, తాళాల లెక్క ఒకటే. రామకోటిలో త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల, సికింద్రాబాద్‌లో భక్త రామదాసు కళాశాల ఉన్నాయి, అక్కడ అడిగితే దారి చెబుతారు. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో, రవీంద్రభారతిలో ఘటం ఉన్న కచేరీ అయితే ముందు వరసలో కూర్చోండి. తని ఆవర్తనంలో, అంటే పాట ఆగి తాళవాద్యాలు మాత్రమే మోగే భాగంలో, మృదంగం వాయించినదానికి ఘటం ఎలా బదులు చెబుతోందో చూడండి. కచేరీ అయ్యాక వెళ్లి నమస్కారం పెట్టి, "గురువుగారూ, మీ ఘటం ఒకసారి మీటి చూడొచ్చా?" అని అడగండి. నేను అడిగినప్పుడు కాదన్నవాళ్లు లేరు. అలా పది ఘటాలు మీటిన చెవితో దుకాణానికి వెళ్తే తప్పు కుండ కొనరు.

కాపాడుకోవడం

ఇంట్లో ఘటాన్ని చుట్టకుదురు మీద ఉంచండి, పాత చీరతో మీరే చుట్టుకోవచ్చు. గచ్చు మీద నేరుగా పెట్టకండి, తలుపు వెనక అసలు పెట్టకండి. వానాకాలంలో చెమ్మ పీలిస్తే నాదం మందగిస్తుంది, గాలి ఆడే చోట ఆరనివ్వండి, పొయ్యి దగ్గర వేడి చేయకండి. తడి గుడ్డతో కడగడం వద్దు, పొడి గుడ్డతో తుడిస్తే చాలు.

బయటికి తీసుకెళ్లేటప్పుడు దూది సంచీ కుట్టించుకోండి, అంగుళం మందం ఉండాలి. బైకు వెనక కట్టకండి. ఆటోలో అయితే ఒడిలో పెట్టుకోండి. మెట్రో స్టేషన్‌లో సామాన్లు స్కానర్‌లో పెట్టమంటారు, సంచీ మూతి పైకి ఉండేలా మీరే పెట్టి, అటువైపు వెళ్లి నిలబడి మీరే అందుకోండి. బెల్టు చివర వెనక వచ్చే బ్యాగు వచ్చి తగిలేది అక్కడే.